బుజ్జికి క్షవరం చేసిందెవరు?

ఆ ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. అత్తగారు లేవకముందే లేవాలి. రాత్రంతా మంచం కింద చార్జింగు పెట్టిన కొత్త ట్రిమ్మరుకు కాస్త నూనె వేయాలి. దాన్ని సంచి అడుగున దాచి, టీ తాగి, ఏమీ ఎరగని మంచివాడిలా సెలూనుకు వెళ్ళిపోవాలి. అంతకు మించి అతనేమీ కోరుకోలేదు.

సొంత ట్రిమ్మరును దొంగసొత్తులా దాచుకునే గతి ఎందుకు పట్టిందంటే, దాని వెనక ఒక షరతు ఉంది. పెళ్ళయిన నాటినుంచి అల్లుడూ అతని భార్యా అతని సెలూను మీద గదిలోనే కాపురం చేశారు. ఒక్క కిటికీ, ఒక్క ఇరుకు మంచం, కిందనుంచి రోజంతా పౌడరు వాసన. భార్య కడుపుతో ఉందని తెలిశాక ఆ గదిలో ఉయ్యాల ఎక్కడ వేయాలో ఇద్దరికీ అంతుపట్టలేదు. అప్పుడు అత్తగారే పిలిచి, పై అంతస్తు ఖాళీగానే ఉంది, ముందు కొన్నాళ్ళు కింద గదిలో ఉండి చూడండి, ఇంటి పద్ధతికి అలవాటు పడితే పైన మీరే ఉందురుగాని అంది. అంటూనే ఒక మాట చెప్పింది.

"మీ వృత్తంటే నాకు గౌరవమే అల్లుడుగారూ. కానీ అది గుమ్మం బయటే ఆగాలి. ఇంట్లో కత్తెర కనిపించకూడదు, ఒక్క వెంట్రుక రాలకూడదు."

ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. భోజనంలో వెంట్రుక వచ్చిందన్న ఫిర్యాదు విని విని వెంట్రుకంటేనే పగబట్టిన మనిషి. గొంతు పెంచి ఎరగదు. పెంచవలసిన అవసరం ఆవిడకు ఎప్పుడూ రాలేదు. అల్లుణ్ణి "మీరు" అని మన్నిస్తుంది, ఆ "మీరు" వినగానే అల్లుడికి నడుం దానంతటదే నిటారుగా అవుతుంది. భార్య ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆఫీసు శిక్షణ అంటూ ఆమె వేరే ఊరు వెళ్తూ, "నేనొచ్చేదాకా అమ్మకి కోపం తెప్పించకండి, పై అంతస్తు మీ చేతుల్లోనే ఉంది" అని చెప్పి మరీ వెళ్ళింది. ఆ చేతులు ఏం చేశాయంటే, సెలూన్లో ప్లగ్గు పాడైందని ట్రిమ్మరును చార్జింగుకు ఇంటికి తెచ్చాయి.

ఆ వేళ నూనె వేశాడు. అక్కడిదాకా పథకం బాగానే నడిచింది. ట్రిమ్మరు చేత్తో పట్టుకుని హాల్లోంచి పోతూ, అలవాటు కొద్దీ జెర్బిళ్ళ గాజుపెట్టె దగ్గర ఆగాడు.

జెర్బిళ్ళు అంటే అరచేతిలో పట్టే ఎడారి ఎలుకలు. చివర చిన్న కుచ్చున్న తోక, గాజుపూసల్లాంటి కళ్ళు, భయపడితే వెనక్కాళ్ళతో నేలమీద దబదబా దరువు. పదవీ విరమణ తరవాత అత్తగారికి అదిలించడానికి పిల్లలు లేక ఇల్లు బోసిపోతే, కూతురే ఆ అక్కచెల్లెళ్ళను తెచ్చిచ్చింది. పెద్దది బంగారం, చిన్నది బుజ్జి. బంగారం బొద్దుగా, నిదానంగా ఉంటుంది. పొద్దస్తమానం చెల్లెల్ని పక్కన పడుకోబెట్టుకుని ఒళ్ళంతా నిమురుతూ ఉంటుంది. ప్రేమంటే దీన్ని చూసి నేర్చుకోవాలని అత్తగారు వచ్చిన వాళ్ళందరికీ చూపించేది. అల్లుడికి మాత్రం బుజ్జి అంటే ప్రాణం. రోజూ పొద్దున్నే ఒక పొద్దుతిరుగుడు గింజ ఇస్తే, అది రెండు చేతులతో పుచ్చుకుని, బెదురుకళ్ళతో అటూ ఇటూ చూసి గబగబా తినేది. ఈ ఇంట్లో తనలాగే తినే ప్రాణి అదొక్కటే అని అతని లెక్క.

ఆ వేళ గింజ చేతిలోనే ఉండిపోయింది. బుజ్జి వీపు మీద జుట్టు లేదు. పుండు లేదు, గీత లేదు, రక్తం చుక్క లేదు. చేయి తిరిగిన మనిషి శ్రద్ధగా గీసినట్టు, నున్నటి గుండు.

అల్లుడు బుజ్జి వీపు చూశాడు. తన చేతిలో ట్రిమ్మరు చూశాడు. ఈ రెంటినీ ఒకేసారి అత్తగారు చూస్తే ఏమవుతుందో ఆలోచించాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడే అత్తగారి గదిలో చెప్పుల చప్పుడయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి కథ మనకు తెలిసిందే. ఇతను భుజాలు తడుముకోవడంతో ఆగలేదు. వంటింట్లోకి పరిగెత్తి, అలమారలో పిండి డబ్బా మూత తీసి, ట్రిమ్మరును పిండి అడుక్కి దూర్చి, మూత పెట్టి, టీ గిన్నె ముందు నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. పొయ్యి వెలిగించడం మాత్రం మరిచిపోయాడు.

హాల్లోంచి అరుపేమీ వినబడలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. చాలాసేపటికి మెల్లగా పిలుపు వచ్చింది.

"అల్లుడుగారూ, ఒకసారి ఇలా రండి."

వెళ్ళేసరికి మామగారు అప్పటికే గోడ వారగా నిలబడి ఉన్నారు. ఆయన పోస్టాఫీసులో పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి, మాటలు కూడా తూకం వేసి వాడతారు. ఆయన తలకు దువ్వెనతో పనిపడి చాలా కాలమైంది. ఇంట్లో అల్లుడు క్షురకుడై ఉండీ ఆయనకు చేయగలిగిన సేవ గడ్డం గీయడమొక్కటే. అత్తగారు మాట్లాడుతూనే భర్త కాలరు సరిచేసింది, చొక్కా మీద నలకేదో తీసేసింది, నున్నటి తలను అరచేత్తో ఓసారి తుడిచింది. ఆయన తల కొంచెం పక్కకు జరిపితే ఆవిడ చెయ్యి కూడా దానితోబాటే జరిగింది. అదంతా రోజూ జరిగేదే, ఎవరూ పట్టించుకోరు.

రాత్రి జెర్బిళ్ళను ఆఖరున చూసిందెవరని ఆవిడ అడిగింది. తానేనని మామగారన్నారు, అప్పుడు జుట్టు ఉన్నట్టే జ్ఞాపకమన్నారు. పొద్దున్న ముందు లేచిందెవరని అడిగింది. అల్లుడు చొక్కా చేత్తో నుదురు తుడుచుకున్నాడు. ముచ్చెమటలు పోస్తున్నాయి. ఎందుకలా చెమట పడుతోందని ఆవిడ అడిగింది. పొయ్యి దగ్గర నిలబడ్డాను కదా అన్నాడు. పొయ్యి వెలిగించలేదుగా అంది ఆవిడ.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అప్పుడు జరిగింది. వంటింట్లోంచి జుయ్యిమని చప్పుడు మొదలైంది. కంగారులో మీట నొక్కుకుపోయేలా దూర్చాడో, పిండి బరువుకే నొక్కుకుందో, డబ్బాలో ట్రిమ్మరు కదం తొక్కడం మొదలుపెట్టింది. ఆ మోత వినగానే గాజుపెట్టెలో బుజ్జి వెనక్కాళ్ళతో దబదబలాడించింది. దాన్ని చూసి బంగారం అందుకుంది. ఇటు దరువు, అటు మోత, మధ్యలో అల్లుడి గుండె. ఈ మూడింట్లో ఏది ఎక్కువ చప్పుడు చేసిందో చెప్పడం కష్టం.

అత్తగారు వంటింట్లోకి నడిచింది. డబ్బా అలమార చివరిదాకా జరిగి అంచున వణుకుతోంది. మూత తీసింది. పిండి ఒక్కసారిగా పైకి లేచి ఆవిడ ముఖం, కళ్ళజోడు, జడ అన్నీ తెల్లబరిచింది. ఆ తెలుపులోంచే ఆవిడ రెండు వేళ్ళతో ట్రిమ్మరును పైకెత్తి, కళ్ళజోడు తుడుచుకుని, దాని పళ్ళ దగ్గర చూసింది. అక్కడ పొట్టి వెంట్రుకలు నాలుగు ఇరుక్కుని ఉన్నాయి. గోధుమరంగువి. బుజ్జిది కూడా సరిగ్గా అదే రంగు.

అవి నిన్న సాయంత్రం వచ్చిన ఆఖరి ఆసామి గడ్డానివి. ఆయన వయసు తగ్గించుకుందామని గడ్డానికి గోధుమరంగు వేయించుకుంటాడు. ఆ సంగతి అల్లుడు చెప్పాడు కూడా. మనిషి గడ్డం గోధుమరంగులో ఎందుకుంటుందని అత్తగారు ఒక్క ప్రశ్న వేసేసరికి, చెప్పిన అతనికే అది అబద్ధంలా వినిపించింది.

ఆవిడ తిట్టలేదు. ముఖం కూడా కడుక్కోకుండా పశువుల డాక్టరుకు ఫోను చేసి, ఇంట్లో అందరూ వినాలని స్పీకరు పెట్టింది. బుజ్జి పరిస్థితి వివరంగా చెప్పింది. పుండు ఉందా, దురద ఉందా, జుట్టు ఊడినట్టుందా, గీసినట్టుందా అని డాక్టరు అడిగాడు. శుభ్రంగా గీసినట్టే ఉందని ఆవిడ చెప్పింది. ఫోన్లో అవతల ఏదో కుక్క మొరుగుతోంది, ఆ మొరుగుల మధ్య డాక్టరు గొంతు స్పష్టంగానే వచ్చింది.

"అయితే సందేహం లేదమ్మా. ఇది బార్బర్ పనే. మీ ఇంట్లోనే కదా, ఈరోజే వేరు చేసెయ్యండి. ఆ ఒత్తిడి తగ్గితే జుట్టు దానంతటదే వస్తుంది."

"అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగారు డాక్టరుగారూ?"

"ఇలాంటివి చూస్తూనే ఉంటాం. పైకి ఎంతో ప్రేమగా ఉన్నట్టే కనిపిస్తుంది."

ఆవిడ ఫోను పెట్టేసింది. తానొక్క మాట కూడా చెప్పకుండానే తన అల్లుడి వృత్తేమిటో డాక్టరు కనిపెట్టాడంటే అతని చదువు ఎంత గొప్పదోనని అత్తగారు ఆశ్చర్యపోయింది. మామగారు ఏదో అనబోయారు. ఆవిడ ఆయన కాలరు మళ్ళీ సరిచేసింది. ఆయన అనడం మానుకున్నారు.

అల్లుడు ఆ సాయంత్రానికల్లా సెలూను మీద గదిలో ఉన్నాడు. బట్టల సంచి, దిండు, పిండంటిన ట్రిమ్మరు. ఎల్లుండి అమ్మాయి వస్తుంది, అప్పుడు మాట్లాడుకుందామని అత్తగారు చెప్పి పంపింది. పై అంతస్తు సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడంలోనే సంగతంతా ఉంది. అతను మంచం మీద కూర్చుని ఉయ్యాల ఎక్కడ వేయాలా అని మళ్ళీ గది నాలుగు మూలలూ చూశాడు. మూలలు పెరగలేదు.

అసలు భయం అప్పుడు మొదలైంది. ముందు అతను అన్యాయమనుకున్నాడు. తరవాత డాక్టరంతటివాడు ఊరికే అంటాడా అనుకున్నాడు. అనుకోగానే భార్య మాట ఒకటి గుర్తొచ్చింది. "నిద్రలో మీ వేళ్ళు కత్తెర ఆడిస్తున్నట్టు ఆడుతూనే ఉంటాయండీ" అని ఆమె నవ్వుతూ అనేది. అప్పుడు అతనూ నవ్వాడు. ఇప్పుడు ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రి ట్రిమ్మరు మంచం కిందే ఉంది. జెర్బిళ్ళు హాల్లోనే ఉన్నాయి. చెయ్యి అలవాటు పడిన చెయ్యి. నిద్రలో లేచి, వెళ్ళి, తనకు తెలియకుండానే ఆ బెదురుకళ్ళ బుజ్జిని... అతను వేళ్ళు చూసుకున్నాడు. ఆ వేళ్ళు ఎవరివో అన్నట్టు కనిపించాయి. రేపు పుట్టబోయే బిడ్డకు పుట్టుజుట్టు ఉంటుంది కదా అన్న ఆలోచన రాగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు సెలూన్లో అతని చెయ్యి వణికింది. గడ్డం గీయించుకునేవాడికి వణికే చేతికన్నా భయంకరమైనది మరోటి ఉండదు. గోధుమరంగు గడ్డం ఆసామి సగంలో లేచి, మిగతా సగం మరోసారి చూద్దామని తువ్వాలుతో సహా వెళ్ళిపోయాడు. పడుకునే ముందు అల్లుడు ట్రిమ్మరును పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అదీ చాలదనిపించి తన రెండు చేతులనూ ఏప్రను తాళ్ళతో పంటితో బిగించి మరీ కట్టుకున్నాడు. తెల్లారి చూస్తే ఏప్రను నేల మీద ఉంది. చేతులు హాయిగా దిండు కింద ఉన్నాయి.

దాన్ని అలాగే చూస్తుండగా ఫోను మోగింది.

"అల్లుడుగారూ, బుజ్జికి జుట్టు మెడదాకా పోయింది. రాత్రి మీరెక్కడున్నారు?"

ఇక్కడేనన్నాడు. ఇంటి తాళంచెవి ఇంకా మీ దగ్గరుందా అని ఆవిడ అడిగింది. చొక్కా జేబు తడుముకున్నాడు. ఉంది. చల్లగా, నిక్షేపంలా ఉంది. ఉందండీ అని చెప్పి ఫోను పెట్టేశాడు. ఇంత దూరం నడిచి వెళ్ళి, తలుపు తీసి, ఆ పని చేసి, మళ్ళీ తలుపు వేసి వచ్చి పడుకున్నాడన్నమాట. తన మీద తనకున్న ఆఖరి నమ్మకమూ పోయింది. సెలూను తలుపైనా తీయకుండా మెట్ల మీద కూర్చుండిపోయాడు.

కాసేపటికి ఆటో వచ్చి ఆగింది. అత్తగారు ముందు దిగింది. గాజుపెట్టెను గుండెకు హత్తుకుని మామగారు వెనక దిగారు. ఈ మధ్యాహ్నం అమ్మాయి వచ్చేలోగా డాక్టరు ముందే తేల్చుకుందాం, పదండి అంది అత్తగారు. ఆటోలో అల్లుడు బుజ్జి వైపు చూడలేకపోయాడు. బంగారం మాత్రం ఆ కుదుపుల్లోనూ చెల్లెలి మీద సగం ఎక్కి కూర్చుని నిమురుతూనే ఉంది. ఇంత కష్టంలోనూ దాని తోబుట్టువు ప్రేమ చూడండని అత్తగారు కళ్ళు తుడుచుకుంది.

డాక్టరు గది చిన్నది. ఇనపబల్ల, తూకం, గోడకు కుక్కల బొమ్మ. డాక్టరు గాజుపెట్టె మూత తీయబోతుంటే అత్తగారు ఆపింది. అల్లుణ్ణి భుజం పట్టి ముందుకు నిలబెట్టింది.

"ముందు ఇతన్ని చూడండి. మీరు చెప్పిన బార్బరు ఇతనే. మీరన్నట్టే వేరు చేశాం. అయినా ఆగలేదు."

డాక్టరు అల్లుణ్ణి కిందినుంచి మీదికి చూశాడు. ఆ చూపుకు అల్లుడిలో మిగిలిన ధైర్యం కూడా కరిగిపోయింది.

"నేనే డాక్టరుగారూ," అన్నాడు. "నిద్రలో చేస్తున్నాను. చేతులు కట్టుకున్నా ఆగట్లేదు. నన్ను ఎక్కడికి పంపినా పోతాను. బుజ్జికి జుట్టొస్తే చాలు. ఇంకో రెండు నెలల్లో మాకు బిడ్డ పుడుతుంది, ఆ లోపల నాకేదైనా మందుంటే ఇవ్వండి."

డాక్టరు అతన్నీ గాజుపెట్టెనీ మార్చి మార్చి చూశాడు. తరవాత డాక్టరు ముఖం మెల్లగా ఎర్రబడింది. నవ్వు ఆపుకుంటున్నాడని ముందు కనిపెట్టింది మామగారు.

"నేను మనిషిని అనలేదమ్మా," అన్నాడు డాక్టరు. "ఒక జెర్బిల్ ఇంకోదాని జుట్టు కొరికేస్తే మేం దాన్ని బార్బర్ అంటాం. అంతే. మీ ఇంట్లో నిజంగానే ఒక బార్బరుంటారని నాకేం తెలుసు?"

అంటూ మూత తీసి రెంటినీ బల్ల మీద పెట్టాడు. బంగారం చుట్టూ ఓసారి చూసింది. చెల్లెల్ని దగ్గరకు లాక్కుంది. మెడ మీద మెడ వాల్చి ఆప్యాయంగా నిమురుతూ, నిమురుతూనే, మిగిలిన జుట్టులోంచి ఒక కుచ్చు పుటుక్కున కొరికి నమిలింది. బుజ్జి కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది.

క్షవరమైతే గానీ వివరం తెలియదని ఊరికే అన్నారా? అల్లుడు తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. అవి అతనివే. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు, ఏడుపూ నవ్వూ కలిసొచ్చి ఎక్కిళ్ళలో పడ్డాడు.

"బంగారమా?" అంది అత్తగారు. మొదటిసారి ఆవిడ గొంతు తడబడింది. "అది ప్రేమతో కదండీ నిమురుతుంది. కంటికి రెప్పలా చూసుకుంటుంది."

"ప్రేమ లేదని నేననను," అన్నాడు డాక్టరు. "కానీ ఆ చిన్నది పక్కకు జరగడానికి వీల్లేదు. ఎప్పుడు తినాలో, ఎక్కడ పడుకోవాలో అన్నీ పెద్దదే చూసుకుంటుంది. చిన్నదానికి ఆ ఒత్తిడి, పైగా ఈ కొరుకుడు. కొన్నాళ్ళు వేరుగా ఉంచండి. దాక్కోవడానికి చోటు, తవ్వుకోవడానికి పొట్టు, నమలడానికి చెక్కముక్కలు వెయ్యండి. జుట్టు వచ్చేస్తుంది."

ఆ మాటలు వింటూ అత్తగారు అలవాటు కొద్దీ భర్త కాలరు సరిచేసి, తల తుడవబోయింది. చెయ్యి సగం దూరం వెళ్ళి గాల్లో ఆగింది. ఆవిడ ఆ చేతిని చూసుకుని, ఏమీ తోచక తన కళ్ళజోడు సరిచేసుకుంది. తరవాత అల్లుడి వైపు తిరిగింది. హాస్టలు పిల్లలెవరూ ఎన్నడూ విని ఉండని మాట అంది.

"నాదే పొరపాటు నాయనా. ఇంటికి వచ్చెయ్యి. అమ్మాయి దిగేసరికి సామాను పై అంతస్తుకు ఎక్కించేద్దాం. ట్రిమ్మరు కూడా తెచ్చుకో, పిండిలో మాత్రం పెట్టకు."

"మీరు" పోయి "నువ్వు" వచ్చింది. అల్లుడికి నడుం ఒక్కసారిగా వదులైంది. ఇక మిగిలింది బుజ్జిని ఎక్కడ ఉంచాలన్నది. దానికి వేరే పెట్టె కొని పై అంతస్తులో తన దగ్గరే పెట్టుకుంటానన్నాడు అతను, ఆవిడ సరేనంది.

అందరూ బయటికి నడుస్తుంటే మామగారు ఒక్కరే బల్ల దగ్గర ఆగారు. పొద్దుటినుంచీ దాచుకున్న మాటలన్నీ కూడబెట్టినట్టు గొంతు సవరించుకుని, వేరు చేశాక జుట్టు నిజంగానే తిరిగి వస్తుందా అని డాక్టర్ని అడిగారు. కొన్ని వారాల్లో తప్పకుండా వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆయన తల ఊపి, నున్నటి ఆ తలను తనే ఓసారి నిమురుకుని, గుమ్మం దగ్గర అల్లుణ్ణి అందుకుని చెవిలో మెల్లగా అడిగారు.

"అల్లుడూ, సెలూను మీద గది ఖాళీ అయినట్టేనా?"